ముల్లు తిప్పితే ఆట వచ్చేది

మా మనవడికి రేడియో అంటే ఫోన్‌లో ఒక బొమ్మ. దాన్ని నొక్కితే పాటొస్తుంది, వార్తలొస్తాయి, నొక్కినవాడి ఈమెయిలు కూడా అడుగుతుంది. మొన్న వేసవిలో డెట్రాయిట్ టైగర్స్ బేస్‌బాల్ ఆట పెట్టరా అంటే వాడు నా ఫోన్ లాక్కుని, ఒక యాప్ దించి, నా పుట్టినతేదీ కొట్టి, నాకొచ్చిన ఆరంకెల నంబరు చెప్పమన్నాడు. నేను కళ్ళజోడు వెతుక్కుని చదివేలోగా దానికి గడువు దాటిపోయిందట. ఇంకోటి తెప్పించాడు. "తాతయ్యా, పాస్‌వర్డ్‌లో ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక గుర్తు ఉండాలట" అన్నాడు. ఆట వినడానికి నేను అంకె చెప్పడమేమిట్రా, స్కోరు వాళ్ళు కదా చెప్పాలి అన్నాను. వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అప్పటికి రెండో ఇన్నింగ్స్ అయిపోయింది.

మా రోజుల్లో కావలసిన అంకె ఒక్కటే, 760. డబ్ల్యూజేఆర్ స్టేషన్ అక్కడుండేది. ముల్లు దాని మీదికి జరిపితే చాలు. నువ్వెవరు, ఎక్కడున్నావు, కిందటి నెల బాకీ కట్టావా అని అడిగే నాథుడు లేడు. రేడియో ఖరీదు ఒకసారి ఇస్తే ఇచ్చినట్టే, ఆ తర్వాత సెల్లుల ఖర్చు. అవి నీరసించి గొంతు సన్నబడితే బయటికి తీసి అరచేతుల మధ్య రుద్ది పెట్టేవాళ్ళం, ఇంకో ఇన్నింగ్స్ లాగేవి. అలా రుద్దితే నిజంగా పనిచేస్తాయా అని నన్ను అడక్కండి. మేం రుద్దేవాళ్ళం, అవి పాడేవి.

నేను 1970ల మొదట్లో కార్ల కంపెనీలో పని దొరికి డెట్రాయిట్ వచ్చినవాణ్ణి. గుడివాడ పక్క పల్లె మాది. వచ్చేనాటికి బేస్‌బాల్ ఓనమాలు తెలియవుగానీ, కంటికి కనపడని ఆటను చెవిలో ఆడించుకోవడం బాగా తెలుసు. మా ఊళ్ళో టెస్ట్ మ్యాచ్ రోజుల్లో మర్ఫీ రేడియో ఉన్న ఇంటి అరుగంతా జనమే. కామెంటరీ ఇంగ్లీషులో వచ్చేది, సగం మందికి సగమే అర్థమయ్యేది, ఆ సగాన్ని పక్కవాడికి చెప్పే ఉత్సాహంలో మిగతాది పోయేది. మన విజయనగరం మహారాజకుమార్ విజ్జీ గారు కూడా ఆ రోజుల్లో మైకు పట్టుకునేవారు. 1936లో ఇంగ్లండ్ వెళ్ళిన మన టీముకు కెప్టెన్ ఆయనే. ఆట మీదకన్నా తన జ్ఞాపకాల మీద ఎక్కువ మక్కువ. తాను కొట్టిన పులుల లెక్క చెప్తుంటే వెస్టిండీస్ ఆటగాడు రోహన్ కన్హాయ్, "మీరు తుపాకీ వాడారా? మీ కామెంటరీ వస్తున్న ట్రాన్సిస్టర్ అడవిలో పెట్టి, పులులు విసుగుతోనే చచ్చేట్టు చేశారనుకున్నానే" అన్నాడని క్రికెట్ లోకంలో ఒక కథ. నిజమో కల్పనో గానీ, టైగర్స్ పేరున్న టీముకు అభిమానినయ్యాక ఆ కథ నాకు మరీ ఇష్టమైంది.

అప్పట్లో మన దేశంలో రేడియో ఉంటే ఏటా పోస్టాఫీసుకు వెళ్ళి లైసెన్సు రుసుం కట్టాలి. అమెరికాలో అలాంటిదేమీ లేదని తెలిసినా, ఎవరైనా వచ్చి అడుగుతారేమోనని కొన్నాళ్ళు జంకాను. ఎవరూ రాలేదు. అప్పుడు తప్పిపోయిన ఆ పోస్టాఫీసు ఇప్పుడు నా ఫోన్‌లోకి వచ్చి కూచుంది.

నాకు బేస్‌బాల్ నేర్పింది ఎర్నీ హార్వెల్. ఆయన నన్ను ఎరగడు. జార్జియా రాష్ట్రంలో వాషింగ్టన్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు, దక్షిణాది యాస, తొందర లేని గొంతు. 1960 నుంచి 2002 దాకా, మధ్యలో ఒక్క 1992 మినహా, టైగర్స్ ఆట ఆయన నోటి వెంటే విన్నాం. ఆయన అసలు పెద్ద లీగుల్లోకి వచ్చిన తీరే విచిత్రం. 1948లో బ్రూక్లిన్ డాడ్జర్స్ కామెంటేటర్ రెడ్ బార్బర్ జబ్బుపడ్డాడు. అట్లాంటాలో చిన్న లీగు ఆటలు చెప్తున్న ఈయన్ను పంపమని అడిగితే, అక్కడి యజమాని ఊరికే పంపనన్నాడు. బదులుగా క్లిఫ్ డాపర్ అనే క్యాచర్‌ను ఇప్పించుకున్నాడు. మాట చెప్పేవాడికి బంతి పట్టేవాణ్ణి మారకం వేసిన సందర్భం బేస్‌బాల్ చరిత్రలో అదొక్కటే. మాటకు అంత వెల ఉండేదన్నమాట. ఇప్పుడు మాట చెప్పేవాణ్ణి టీము వెంట పక్క ఊరు పంపడానికి విమానం టికెట్టు దండగంటున్నారు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

బ్యాటర్ మూడో స్ట్రైక్‌కు బ్యాట్ కదపకుండా నిలబడిపోయి అవుటైతే, రోడ్డు పక్కన ఇల్లులా నిలబడ్డాడనేవాడు హార్వెల్. ఫౌల్ బంతి జనంలో పడితే, దాన్ని సాగినా నుంచి వచ్చిన ఒకాయన పట్టుకున్నాడనేవాడు. ఇంకోసారి ఫ్లింట్ ఆయన, ఇంకోసారి లాన్సింగ్ ఆవిడ. స్టేడియంలో వేలమందిలో ఫలానావారిది ఫలానా ఊరని ఈయనకెలా తెలుసు? తెలీదు. ఊరికే అనేవాడు. ఊరికే అంటున్నాడని మిషిగన్ అంతటికీ తెలుసు. అయినా తమ ఊరి పేరు వస్తే జనం ఉప్పొంగిపోయేవాళ్ళు. నేను మిషిగన్ భూగోళం నేర్చుకున్నది ఆ ఫౌల్ బంతుల మీదే. ఆయన పక్కన 1973 నుంచి పాల్ కేరీ ఉండేవాడు, బావిలోంచి వచ్చినట్టుండే గొంతు. ఆయన మధ్య మూడు ఇన్నింగ్స్ చెప్పేవాడు, హార్వెల్ ముందూ వెనకా. ఇద్దరూ ఒకేసారి మాట్లాడేవాళ్ళు కాదు. ఈ చిన్న మర్యాద ఇప్పుడెందుకు పోయిందో నాకు అర్థం కాదు. ముగ్గురిని కూచోబెడతారు, ముగ్గురూ ఒకరి జోకుకు ఒకరు నవ్వుకుంటుంటారు, ఆ నవ్వులో బంతి ఎటు పోయిందో చెప్పడం మరిచిపోతారు.

స్కోరు సంగతీ అంతే. నేను చెప్పిన రెడ్ బార్బర్ తన ముందు మూడు నిమిషాల ఇసుక గడియారం పెట్టుకునేవాడు, గుడ్లు ఉడకబెట్టేటప్పుడు వాడేది. ఇసుక జారిపోగానే స్కోరు చెప్పి మళ్ళీ తిరగేసేవాడు. ఎందుకంటే రేడియో వినేవాడు అప్పుడే వచ్చి ఉండొచ్చు, కారెక్కి ఉండొచ్చు, చేతుల పిండి కడుక్కుని వచ్చి ఉండొచ్చు. వాడికి మొదట కావలసింది ఎవరు ముందున్నారనే ముక్క. ఇప్పటివాళ్ళకు ఎదురుగా తెర ఉంది, వినేవాడి చేతిలోనూ తెర ఉందనుకుంటారు. కారు నడిపేవాడు తెర చూస్తే ఏమవుతుందో వాళ్ళకు పట్టదు.

నాకు బాగా గుర్తున్న వేసవి 1976. మార్క్ ఫిడ్రిచ్ అని ఇరవై ఒక్కేళ్ళ పిచ్చర్ వచ్చాడు, ముద్దుగా బర్డ్ అనేవారు. వాడు బంతితో మాట్లాడేవాడు. మోకాళ్ళ మీద కూచుని, బంతి విసిరే దిబ్బ మీద మట్టిని చేతులతో సర్దేవాడు. టీవీలో ఇదంతా చూసి నవ్వుకోవచ్చు, రేడియోలో ఒకడు చెప్పాలి కదా. ఇదిగో కూచున్నాడు, మట్టి సర్దుతున్నాడు, లేచాడు, బంతికేదో చెప్తున్నాడు అని హార్వెల్ వర్ణిస్తుంటే మేం మా గదిలో వంట మానేసి వినేవాళ్ళం. ఆ ఏడాది ఆ కుర్రాడు 19 ఆటలు గెలిచాడు. సాయంత్రం మా వీధిలో నడుచుకుంటూ పోతే ఒక్క బంతి తప్పేది కాదు. ఒక ఇంటి వరండాలో రేడియో, దాని మాట సన్నగిల్లేసరికి పక్కింటి గరాజ్‌లో ఇంకోటి, అక్కడ కారు కిందనుంచి బయటికొచ్చిన రెండు కాళ్ళు. మంగలి షాపులో, పెట్రోలు బంకులో, బీరు షాపులో అదే గొంతు. మొదట్లో నాకు మాట కలపడానికి ఆ దేశంలో ఎవరూ లేరు. "స్కోరెంత?" అని ఎవర్నైనా అడగొచ్చని తెలిశాక ఆ బెంగ తీరింది. నల్లవాళ్ళనూ తెల్లవాళ్ళనూ పోలిష్ ముసలమ్మనూ ఒకేలా అడిగాను, ఒకేలా చెప్పారు.

ఇప్పుడు అందరి చెవుల్లోనూ తెల్లటి పుల్లలు. ఎవడేం వింటున్నాడో దేవుడికెరుక. వింటున్నది ఒకే ఆటైనా ఒకే సమయానికి వినరు. గాలిలో వచ్చేది తక్షణం వచ్చేది. ఇంటర్నెట్‌లో వచ్చేది ముక్కలై, మూటలు కట్టుకుని, ఎక్కడెక్కడో ఆగి, అరనిమిషం వెనక వస్తుంది, ఒక్కోసారి ఇంకా వెనక. నా చెవిలో పిచ్చర్ ఇంకా బంతి విసరనే లేదు, పక్కింటి కేబుల్ టీవీ ముందు వాళ్ళు కేకలు పెట్టేశారు. ఏమైందో తెలియలేదుగానీ, ఏదో అయిందని తెలిసిపోయింది. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా? పూర్వం మాకో అలవాటుండేది, టీవీ నోరు నొక్కి, బొమ్మ అక్కడ చూస్తూ మాట హార్వెల్‌ది వినడం. టీవీలో చెప్పేవాళ్ళ కన్నా ఆయన మాట మాకు ముద్దు. ఇప్పుడా వైభోగం చెయ్యాలంటే ఏది ఎంత వెనకుందో చూసుకుని రెండింటినీ కలపాలి. నేనొక రోజు ప్రయత్నించి మా ఆవిడ చేత చీవాట్లు తిన్నాను.

రాత్రి రేడియో గురించి చెప్పకపోతే ఈ సణుగుడు పూర్తి కాదు. పగలు మీడియం వేవ్ నేల పట్టుకుని పాకుతుంది, కొంత దూరం పోయి ఆగిపోతుంది. ఆకాశంలో కింది పొర ఒకటి ఎండకు పుట్టి దాన్ని మింగేస్తుంటుంది. పొద్దు గుంకాక ఆ పొర కరిగిపోతుంది, పైపొరలకు తగిలిన మాట వందల మైళ్ళ అవతల దిగుతుంది. అమెరికా ప్రభుత్వం కొన్ని స్టేషన్లకు 50,000 వాట్లిచ్చి, రాత్రిళ్ళు వాటికి అడ్డురాకుండా మిగతావాళ్ళను తగ్గించింది. అవే మాకు కామధేనువులు. పనిమీద ఐ-75 రోడ్డు పట్టుకుని ఒహైయో వైపు పోతుంటే ముల్లు కొద్దిగా ఎడమకు తిప్పితే 700 మీద సిన్సినాటి డబ్ల్యూఎల్‌డబ్ల్యూ, మార్టీ బ్రెనమన్, పక్కన జో నక్సాల్. ఈ నక్సాల్ 1944లో, యుద్ధానికి ఆటగాళ్ళు పోయిన రోజుల్లో, పదిహేనేళ్ళ వయసులో పెద్ద లీగులో బంతి వేసినవాడు. కుడికి తిప్పితే 1020 మీద పిట్స్‌బర్గ్ కేడీకేఏ. ఇంకా పోతే 1120 మీద సెయింట్ లూయిస్ కేఎంఓఎక్స్, జాక్ బక్ గొంతులో గరగర. ఒక్క రాత్రి, ఒక్క ముల్లు, నాలుగు ఊళ్ళ ఆటలు. దారిలో ఎక్కడో పిడుగు పడితే రేడియోలో చిటపట ముందే వినపడేది, అక్కడ ఆట ఆగుతుందని మేం ముందే తేల్చుకునేవాళ్ళం. బంతి గాల్లో ఉండగా ఒక్కోసారి స్టేషన్ మునిగిపోయేది. అది లేచి వచ్చేసరికి వేరే బ్యాటర్ వచ్చి నిలబడేవాడు, ముందువాడి గతేమిటో తెల్లారి పేపర్లో చూసుకోవాల్సిందే. మా మనవడు దీన్నొక లోపమంటాడు. వాడికేం తెలుసు!

రేడియోలో ఆట చెప్పడం మొదలైంది కూడా ఆ పిట్స్‌బర్గ్‌లోనే. 1921 ఆగస్టు 5న కేడీకేఏ స్టేషన్‌లో పనిచేసే హెరల్డ్ ఆర్లిన్ ఫోర్బ్స్ ఫీల్డ్‌లో కూచుని పైరేట్స్, ఫిలీస్ ఆటను మైకులో చెప్పాడు. రేడియోలో పెద్ద లీగు ఆట అదే మొదటిది. టీముల యజమానులకు వెంటనే గుండెల్లో రాయిపడింది. ఇంట్లో ఊరికే వింటే టికెట్టు కొని ఎవడొస్తాడని వాళ్ళ బాధ. న్యూయార్క్‌లోని మూడు టీములూ కూడబలుక్కుని 1934 నుంచి అయిదేళ్ళు రేడియోను గేటు దాటనివ్వలేదు. 1939లో బ్రూక్లిన్ వాళ్ళు ఆ కట్టు తెంచి రెడ్ బార్బర్‌ను తెచ్చుకున్నారు. జనం తగ్గలేదు సరికదా, విన్నవాళ్ళకు చూడాలనిపించి స్టేడియానికి వచ్చారు. ఇంట్లో పనిచేసుకుంటూ విన్న ఆడవాళ్ళు, పిల్లలు కొత్త అభిమానులయ్యారు. 1958లో డాడ్జర్స్ లాస్ ఏంజిలిస్ వెళ్ళి కొలీజియం అనే పెద్ద మైదానంలో ఆడితే, దూరపు సీట్లవాళ్ళకు బంతి కనపడక ట్రాన్సిస్టర్లు పట్టుకొచ్చి, ఎదురుగా జరిగే ఆటను తమ కామెంటేటర్ విన్ స్కల్లీ నోట విన్నారు. నాలుగేళ్ళ ముందు, 1954లో, మొదటి జేబు ట్రాన్సిస్టర్ 49.95 డాలర్లకు వచ్చింది. ఆ కాలానికి అది తక్కువేం కాదు. జపాన్‌వాళ్ళు రంగంలోకి దిగాక మాలాంటివాళ్ళ చేతికొచ్చింది.

అన్నీ సత్యహరిశ్చంద్రుడి మాటలేమీ కావు లెండి. 1930ల్లో చాలా స్టేషన్లు మనిషిని ఆటకు పంపకుండా, టెలిగ్రాఫ్ తంతి మీద వచ్చే పొడి ముక్కలు చూసి స్టూడియోలో ఆటను కల్పించేవి. అలా చికాగో కబ్స్ ఆటలు చెప్పిన కుర్రాడొకడు డిమోయిన్‌లోని డబ్ల్యూహెచ్ఓ స్టేషన్‌లో ఉండేవాడు. ఒకరోజు మధ్యలో తంతి తెగింది. ఆట ఆగిందని చెప్తే వినేవాడు ఇంకో స్టేషన్‌కు పోతాడు. అందుకని బ్యాటర్ చేత ఫౌల్ మీద ఫౌల్ కొట్టిస్తూ, తంతి కలిసేదాకా కొన్ని నిమిషాలు నెట్టుకొచ్చాడు. ఆ కుర్రాడు తర్వాత సినిమాల్లోకి పోయి, ఆ తర్వాత దేశాధ్యక్షుడయ్యాడు. రొనాల్డ్ రీగన్ ఈ కథ తానే పదేపదే చెప్పుకునేవాడు. అబద్ధమే అయినా, వినేవాడు లేచిపోకూడదన్న భయం అందులో ఉంది. ఇప్పటివాళ్ళకు ఆ భయం లేదు. ఏడాది చందా ముందే పట్టేశారు కదా.

ఇంటర్నెట్‌లో ఆట మాట మొదట వినపడింది 1995 సెప్టెంబరు 5న, సియాటిల్ మెరైనర్స్, న్యూయార్క్ యాంకీస్ ఆట. వింతగా చెప్పుకున్నాం, మంచిదే అనుకున్నాం. 2001లో లీగు ఆ మాటలన్నిటినీ ఒకచోట చేర్చి సీజనుకు పది డాలర్లలోపు రుసుం పెట్టింది. 2005 నుంచి శాటిలైట్ రేడియో, దానికి వేరే చందా. ఊరి స్టేషన్ తన వెబ్‌సైట్‌లో పొద్దుటి నుంచి ఆట గురించి కబుర్లు చెప్పేది, తీరా ఆట మొదలయ్యే వేళకు హక్కులు లేవని వేరే కార్యక్రమమేదో పెట్టేది. చాలా ఏళ్ళు అదే తంతు. ఇప్పుడు లీగు మాటల చందా ఏడాదికి దాదాపు 30 డాలర్లు. పెద్ద మొత్తమేమీ కాదని మా అబ్బాయి వాదన. నాకు 30 డాలర్లు లేక కాదురా, మంగలి షాపులో కూర్చున్నవాడికి అది ఊరికే వినపడదు కదా అని నా వాదన. ఎవడు కడితే వాడి చెవికే వస్తుంది. ఇంకో తొమ్మిదిమంది చెవినపడి, వాళ్ళలో ఒకడికి ఆట పిచ్చి పట్టుకోవడమనేది ఇక జరగదు. నాకు పట్టుకున్నది అలాగే.

ప్రకటనల మాటెత్తితే నాకు రక్తపోటు. పూర్వం బీరు, టైర్లు, బ్యాంకు. ఇప్పుడు ప్రతి ఇన్నింగ్స్‌కూ పందేల కంపెనీలే. 2018లో అమెరికా సుప్రీంకోర్టు తలుపు తీసింది, 2021 జనవరిలో మిషిగన్‌లో ఫోన్ మీద పందేలు వచ్చేశాయి. తన టీము మీద పందెం కాశాడని 1989లో మేనేజర్ పీట్ రోజ్‌ను జీవితాంతం వెలివేసిన ఆట ఇది. ఆయన పోయాకే, 2025లో, ఆ వెలి ఎత్తేశారు. తర్వాతి బంతి స్ట్రైకా బాలా కాసుకో అని ఇప్పుడు అదే ఆట మధ్యలో పిల్లలు వింటుండగా పిలుస్తున్నారు.

2023లో పిచ్చర్ నెత్తిన గడియారం పెట్టారు. బేస్ మీద ఎవరూ లేకపోతే 15 సెకన్లలో విసరడం మొదలెట్టాలి. మూడు గంటలు దాటే ఆట రెండు గంటల నలభై నిమిషాలకు దిగింది. మా పిల్లలంతా సంబరపడ్డారు. స్టేడియంలో కూర్చునేవాడికి లాభమే, కాదనను. రేడియోలో మాత్రం ఆ సందుల్లోనే కథలు పుట్టేవి. పిచ్చర్ బంతిని నలుపుతూ, టోపీ సర్దుతూ ఉండగా, వాడి నాన్న ఏ గనిలో పనిచేశాడో, అమ్మ ఏం వండేదో స్కల్లీ చెప్పేవాడు. 67 సీజన్లు చెప్పి 2016లో విరమించాడు, పక్కన ఎవరినీ పెట్టుకోకుండా. ఇప్పుడు కథ మొదలెడితే వాక్యం మధ్యలోనే బంతి వచ్చి పడుతుంది.

ఇక విమానం టికెట్టు సంగతి. 2020లో కరోనా వచ్చింది, కామెంటేటర్లు పరాయి ఊరి ఆటలను సొంత స్టేడియంలో కూచుని, తెర చూసి చెప్పారు. విపత్తు, ఒప్పుకుంటాను. విపత్తు పోయాక కొందరికి ఆ పొదుపు రుచించింది. తెరలో చూసి చెప్పేవాడికి కెమెరా ఎటు తిరిగితే అదే ఆట. లెఫ్ట్ ఫీల్డర్ రెండడుగులు ముందుకు జరిగాడని, బుల్‌పెన్‌లో ఇంకో పిచ్చర్ చేయి సవరించుకుంటున్నాడని వాడికెలా తెలుస్తుంది? 2021లో టొరాంటోలో రేడియోకు వేరే కామెంటరీయే ఎత్తేసి, టీవీ మాటలనే గాలిలోకి వదిలారు. "అదిగో చూడండి" అంటాడు టీవీవాడు. దేన్ని చూడమంటావయ్యా, నేను గిన్నెలు తోముకుంటున్నాను! ఓక్లండ్ వాళ్ళు 2020 సీజన్ ముందు మా ఊళ్ళో రేడియో స్టేషనే వద్దు, ఇంటర్నెట్ చాలన్నారు. ఆ వేసవిలోనే మళ్ళీ ఒక స్టేషన్ వెతుక్కున్నారు. నాలుగేళ్ళకు ఊరే వదిలిపోయారు.

కార్లదీ అదే దారి. కరెంటు కార్ల మోటార్ల రొద ఏఎం రేడియోకు అడ్డొస్తుందని కొన్ని కంపెనీలు ఏఎం తీసేశాయి. ఫోర్డ్ కూడా తీసేస్తానని 2023లో చెప్పి, గోల కావడంతో ఆ మే నెలలోనే మాట వెనక్కి తీసుకుంది. ప్రతి కారులో ఏఎం ఉండాలని అమెరికా కాంగ్రెస్‌లో బిల్లు పెట్టారు. తుపాను హెచ్చరికలు వినడానికట. బాగుంది, తుపాను పేరు చెప్పుకుని ఆట కూడా బతికితే నాకు అభ్యంతరం లేదు. కారు తయారీలో బతుకంతా గడిపినవాణ్ణి, మోటారు రొదను కప్పడం చేతకాదంటే నమ్మను. కప్పడానికి నాలుగు డబ్బులవుతాయని చెప్పండి, నమ్ముతాను.

ఆ రోజుల్లో అందరూ దేవుళ్ళేనా అంటాడు మా అబ్బాయి. కాదు. 1990 డిసెంబరులో, వచ్చే సీజనే హార్వెల్‌కు ఆఖరుదని ప్రకటించారు. టీమువాళ్ళు, స్టేషన్‌వాళ్ళు ఒకరి మీద ఒకరు తోసుకున్నారు. మిషిగన్ అట్టుడికింది. కార్ల వెనక స్టిక్కర్లు, పత్రికలకు ఉత్తరాలు, మా ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో తిట్లు. 1992లో ఆయన లేకుండా ఆటలు జరిగాయి. ఆ ఏడాదే యజమాని మారాడు, 1993లో ఆయన్ను వెనక్కి పిలిచారు. ఒక కామెంటేటర్ కోసం ఊరు రోడ్డెక్కిందంటే, ఆ గొంతు అందరి ఇళ్ళలోనూ ఒకేసారి వినపడేది కాబట్టి. ఇప్పుడొకణ్ణి తీసేస్తే ఎంతమందికి తెలుస్తుంది? మా మనవణ్ణి అడిగాను, ఇప్పుడు టైగర్స్ ఆట చెప్పేదెవర్రా అని. "యాప్" అన్నాడు.

ఒక్క విషయంలో మాత్రం ఫోన్‌కు దణ్ణం పెట్టాలి. పూర్వం సీజన్ నడుస్తుండగా ఇండియా వెళ్తే ఆట తెగిపోయేది. స్కోరు కూడా ఉత్తరాల్లో రావలసిందే. ఇప్పుడు దసరాకు బెజవాడ వెళ్తే, డెట్రాయిట్‌లో సాయంత్రం 6.40కి మొదలయ్యే ఆట తెల్లవారుజామున 4.10కి నా చెవిలో ఉంటుంది. ఈ వయసుకు ఎలాగూ నిద్రపట్టదు. కిందటిసారి మా బావమరిది ఇంట్లో బాల్కనీలో కూర్చుని, ఇయర్‌ఫోన్ పెట్టుకోవడం చేతకాక, స్పీకర్ మీదే పెట్టాను. కాసేపటికి ఆయన కళ్ళు నులుముకుంటూ వచ్చాడు.

"ఎవరితో బావా, ఈ వేళప్పుడు?"

"ఆట వస్తోంది. బేస్‌బాలు."

కుర్చీ లాక్కుని కూచున్నాడు. ఆయనా అరుగు మీద రేడియో విన్నవాడే. కాసేపు చెవి రిక్కించి, "ఎన్ని వికెట్లు పడ్డాయి?" అన్నాడు. రెండు అవుట్లు అయ్యాయి, మూడయితే దిగిపోతారని చెప్పాను.

"మూడింటికేనా? దానికింత తెల్లారగట్ల లేవడమా?"

"తొమ్మిదిసార్లు ఎక్కుతారు, తొమ్మిదిసార్లు దిగుతారు. కాఫీ పెట్టమని చెప్పి కూర్చో."